ఆజ్ఞావాక్యంలో రాకపోకల సంకేతాలు
షెల్‌లో ప్రామాణిక ఇన్‌పుట్, ఔట్‌పుట్‌లను సూచించే విధానం

కంప్యూటరు చేత పని చేయించడానికి తెరమీది బొమ్మలను తాకడం, మౌస్‌తో నొక్కడం అనే పద్ధతులే నేడు ఎక్కువమందికి పరిచితమైనవి. వీటికంటె ముందే పుట్టి, నేటికీ పరిశోధన సంస్థలలోను, పెద్ద సర్వర్లను నడిపే కేంద్రాలలోను నిత్యం వాడుకలో ఉన్న పద్ధతి మరొకటి ఉన్నది. అది ఆజ్ఞలను అక్షరరూపంలో టైపు చేసే పద్ధతి. మనం టైపు చేసిన వాక్యాన్ని చదివి, దాని అర్థాన్ని గ్రహించి, తగిన ప్రోగ్రామును పనికి పురమాయించే మధ్యవర్తికి షెల్ అని పేరు. యూనిక్స్, లినక్స్ వ్యవస్థలలో ఈ షెల్‌కు తనదైన చిన్న వ్యాకరణం ఉన్నది. ఆ వ్యాకరణంలో ఒక ముఖ్యమైన అధ్యాయాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం. ప్రోగ్రాముకు సమాచారం ఎక్కడినుంచి రావాలో, ఫలితం ఎక్కడికి పోవాలో షెల్‌కు ఎట్లా చెప్పాలి అన్నదే మన విషయం.

ఇది కేవలం గుర్తులను కంఠస్థం చేసే వ్యవహారం కాదు. ఈ సంకేతాలలో ఒక్కటి తప్పుచోట పడితే ఏళ్ల తరబడి కూర్చిన సమాచారం ఒక్క క్షణంలో తుడిచిపెట్టుకుపోగలదు. అట్లా ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఏ పని షెల్‌ది, ఏ పని ప్రోగ్రాముది అన్న విభజన స్పష్టంగా అర్థం కావాలి.

ముందుగా పరిభాషను గురించి ఒక మాట. హిందీలో ఇన్‌పుట్‌కు 'నివేశ్' అనే పదం వాడుకలో ఉన్నది. అదే పదానికి పెట్టుబడి అనే అర్థం కూడా ఉన్నది. దానిని యథాతథంగా తెలుగులోకి తెస్తే మనవారికి 'నివేశన స్థలం' గుర్తుకు వస్తుందే గాని ఇన్‌పుట్ స్ఫురించదు. అందుచేత ఇన్‌పుట్, ఔట్‌పుట్ అనే వాడుక మాటలనే ఇక్కడ గ్రహించడమైనది. ఆజ్ఞల పేర్లను చదువుకునే సౌకర్యం కోసం తెలుగు లిపిలో ఇస్తున్నాం. యంత్రం ముందు కూర్చున్నప్పుడు వాటిని రోమన్ అక్షరాలలోనే టైపు చేయాలి. ఫైళ్ల పేర్లు మాత్రం తెలుగు లిపిలో ఉన్నా నేటి వ్యవస్థలకు అభ్యంతరం లేదు.

మూడు ద్వారాలు

యూనిక్స్ వ్యవస్థకు 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ ప్రభృతులు శ్రీకారం చుట్టారు. ఆ వ్యవస్థలో ఫైలు, కీబోర్డు, తెర, ప్రింటరు అనే భేదాన్ని సాధ్యమైనంతవరకు తొలగించారు. ప్రోగ్రాము దృష్టిలో అన్నీ ఒక్కటే. వరుసగా వచ్చే బైట్ల ప్రవాహాన్ని చదువుకోవడం, లేదా అటువంటి ప్రవాహాన్ని బయటికి పంపడం. ఈ ఏకరూపతే తరువాతి సౌకర్యాలన్నింటికీ పునాది అయింది.

నడవడం మొదలుపెట్టే ప్రతి ప్రోగ్రాముకు షెల్ మూడు ద్వారాలను తెరిచి అప్పగిస్తుంది. వాటికి సంఖ్యలే పేర్లు.

0 – ప్రామాణిక ఇన్‌పుట్. సమాచారం లోపలికి వచ్చే ద్వారం. మరేమీ చెప్పకపోతే ఇది కీబోర్డు.
1 – ప్రామాణిక ఔట్‌పుట్. ఫలితం వెలుపలికి పోయే ద్వారం. మరేమీ చెప్పకపోతే ఇది తెర.
2 – ప్రామాణిక దోష ప్రవాహం. హెచ్చరికలు, దోష సందేశాలు పోయే ద్వారం. మరేమీ చెప్పకపోతే ఇదీ తెరే.

ప్రోగ్రాము రాసేవారు "0 నుంచి చదువు, 1లోకి రాయి" అని మాత్రమే రాస్తారు. ఆ ద్వారం అవతల ఉన్నది కీబోర్డా, ఫైలా, మరొక ప్రోగ్రామా అన్నది వారికి పట్టనక్కరలేదు. ఆ సంబంధాన్ని కలిపే బాధ్యత షెల్‌ది. ప్రోగ్రాము మొదలు కావడానికి ముందే షెల్ ఈ ద్వారాలను మనం కోరినచోటికి తిప్పి, ఆ తరువాతనే దానికి పని అప్పగిస్తుంది. ఈ 'ముందే' అన్న మాటను పాఠకులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

దిశను మార్చే గుర్తులు

ఒక కళాశాల గ్రంథాలయంలోని పుస్తకాల పేర్లు, పంక్తికి ఒకటి చొప్పున, 'పుస్తకాలు' అనే ఫైలులో ఉన్నాయనుకుందాం. వాటిని అక్షరక్రమంలో అమర్చి 'వరుస' అనే ఫైలులో భద్రపరచాలి. అందుకు ఆజ్ఞ ఇది:

సార్ట్ < పుస్తకాలు > వరుస

ఇక్కడ < గుర్తు 0వ ద్వారాన్ని 'పుస్తకాలు' ఫైలుకు కలుపుతున్నది. > గుర్తు 1వ ద్వారాన్ని 'వరుస' ఫైలుకు కలుపుతున్నది. బాణపు ముఖం ఎటు చూస్తున్నదో సమాచారం అటు పోతున్నదని భావిస్తే గుర్తులు తారుమారు కావు. పూర్తి రూపంలో వీటిని 0<, 1> అని రాయవచ్చు. ఆ సంఖ్యలు సహజంగానే స్ఫురిస్తాయి గనుక వాడుకలో లోపించాయి. మన వ్యాకరణంలో అధ్యాహారం వంటిదే ఇది.

ఇదే కుటుంబంలో మరి రెండు గుర్తులు ఉన్నాయి. >> అని రెండు బాణాలు రాస్తే పాత ఫైలు చెరిగిపోకుండా కొత్త ఫలితం దాని చివర చేరుతుంది. << అని రాసి ఒక ముగింపు మాటను ఇస్తే, ఆ మాటతో కూడిన పంక్తి వచ్చేవరకు కింద రాసిన పంక్తులన్నీ ఇన్‌పుట్‌గా వెళతాయి.

ఈ ఏర్పాటు షెల్‌దే గాని ప్రోగ్రాముది కాదనడానికి ఒక చిన్న ప్రయోగం చాలు. పంక్తులను లెక్కించే డబ్ల్యూసీ అనే ఆజ్ఞను రెండు విధాలుగా ఇచ్చి చూడండి.

డబ్ల్యూసీ -ఎల్ పుస్తకాలు
డబ్ల్యూసీ -ఎల్ < పుస్తకాలు

మొదటి ఆజ్ఞకు జవాబుగా పంక్తుల సంఖ్య, దాని పక్కన ఫైలు పేరు వస్తాయి. రెండవదానికి సంఖ్య మాత్రమే వస్తుంది. మొదటిచోట ప్రోగ్రామే ఫైలును తెరిచింది గనుక దానికి పేరు తెలుసు. రెండవచోట ఫైలును తెరిచింది షెల్. ప్రోగ్రాముకు అందినది పేరులేని ప్రవాహం మాత్రమే. < గుర్తు గాని, దాని తరువాతి ఫైలు పేరు గాని ప్రోగ్రాము దాకా చేరనే చేరవు.

ఒక ప్రమాదం, దాని నివారణ

ఇప్పుడు మొదట చెప్పిన ప్రమాదం సంగతి చూద్దాం. వేరే ఫైలు ఎందుకు, ఉన్న ఫైలునే వరుసలో పెడదామని ఎవరైనా ఇట్లా రాశారనుకుందాం:

సార్ట్ పుస్తకాలు > పుస్తకాలు

చూడడానికి ఈ వాక్యంలో దోషం కనిపించదు. ఫలితం మాత్రం ఖాళీ ఫైలు. కారణం స్పష్టమే. > గుర్తును చూడగానే షెల్, సార్ట్ మొదలు కావడానికి ముందే, 'పుస్తకాలు' ఫైలును రాయడానికి తెరిచి, అందులో ఉన్నదంతా తుడిచివేస్తుంది. ఆ తరువాత సార్ట్ వచ్చి చదవబోయేసరికి అక్కడ చదవడానికి ఏమీ మిగిలి ఉండదు. ఖాళీని వరుసలో పెడితే ఖాళీయే వస్తుంది. ప్రోగ్రాము పొరపాటు చేయలేదు, షెల్ కూడా చేయలేదు. రెండూ తమకు విధించిన క్రమాన్ని పాటించాయి. అందుకే దోష సందేశం ఒక్కటి కూడా తెరమీద కనిపించదు. వేరే నకలు లేకపోతే ఆ జాబితాను తిరిగి తయారు చేసుకోవలసిందే.

దీనికి నివారణ మార్గాలు మూడు. మొదటిది, ఫలితాన్ని వేరే పేరుతో రాసి, సరిచూసుకున్న తరువాతనే పాతదాని స్థానంలో పెట్టడం. రెండవది, ప్రోగ్రాములోనే ఉన్న సౌకర్యాన్ని వాడుకోవడం. సార్ట్‌కు -ఓ అనే సూచనతో ఫలితపు ఫైలు పేరు ఇస్తే, అది చదవవలసినదంతా చదివిన తరువాతనే రాయడానికి పూనుకుంటుంది. అప్పుడు అదే ఫైలు పేరు ఇచ్చినా నష్టం లేదు. మూడవది, షెల్‌నే కట్టడి చేయడం. 'సెట్ -ఓ నోక్లాబర్' అని ఆజ్ఞాపిస్తే, ఉన్న ఫైలు మీద > గుర్తుతో రాయడానికి షెల్ నిరాకరిస్తుంది. నిజంగా రాయదలచినప్పుడు >| అని స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. కొత్తగా నేర్చుకునేవారికి ఈ మూడవ కట్టడి ఎంతో మేలు చేస్తుంది.

దోషాలకు వేరే దారి

ఫలితాలకు ఒక ద్వారం ఉండగా దోష సందేశాలకు మరొకటి ఎందుకన్న ప్రశ్న సహజం. మొదట అట్లా లేదు. 1970వ దశకంలో బెల్ ప్రయోగశాలలో పత్రాలను ఫొటోటైప్‌సెటింగ్ యంత్రం మీద అచ్చుకు సిద్ధం చేసేవారు. ప్రోగ్రాము ఔట్‌పుట్‌ను ఆ యంత్రానికి మళ్లించినప్పుడు, మధ్యలో వచ్చిన దోష సందేశాలు కూడా దానితోపాటే ప్రవహించి, తెరమీద కనబడడానికి బదులు చక్కగా అచ్చయి బయటికి వచ్చాయి. ఇట్లా పలుమార్లు శ్రమ, ఖర్చు వృథా అయిన తరువాత దోష సందేశాలకు ప్రత్యేక ప్రవాహాన్ని ఏర్పరచారు. ఫలితాన్ని ఎక్కడికి మళ్లించినా హెచ్చరిక మాత్రం మనిషి కంట పడాలన్నదే దీని ఉద్దేశం.

దోషాలను కూడా ఫైలులోకి మళ్లించాలంటే 2> అని రాయాలి. ఇక్కడ 2కు, బాణానికి మధ్య ఖాళీ ఉండరాదు. ఈ విధంగా ద్వారపు సంఖ్యను చెప్పే సంకేతాలు స్టీఫెన్ బోర్న్ రచించిన షెల్ ద్వారా ప్రచారంలోకి వచ్చాయి. అది 1979లో యూనిక్స్ ఏడవ కూర్పుతో వెలువడింది. నేడు లినక్స్‌లో విరివిగా వాడే బాష్ షెల్ 1989 నాటిది. అదీ ఈ సంప్రదాయాన్నే అనుసరించింది.

ఫలితాలు, దోషాలు రెండూ ఒకే ఫైలులో ఉండాలంటే ఇట్లా రాయాలి:

సార్ట్ పుస్తకాలు > నివేదిక 2>&1

2>&1 అంటే "1వ ద్వారం ఇప్పుడు ఎటు తెరిచి ఉన్నదో 2వ ద్వారాన్ని కూడా అటే తెరువు" అని అర్థం. & గుర్తు లేకుండా 2>1 అని రాస్తే షెల్ '1' అనే పేరుగల ఫైలును సృష్టించి దోషాలను అందులో పోస్తుంది. కాబట్టి ఆ గుర్తు అలంకారం కాదు. తరువాత వచ్చేది ఫైలు పేరు కాదు, ద్వారపు సంఖ్య అని చెప్పే విభక్తి ప్రత్యయం వంటిది అది.

అభ్యాసకులు ఎక్కువగా తడబడేది క్రమం విషయంలో. షెల్ ఈ గుర్తులను ఎడమ నుంచి కుడికి, ఒకదాని తరువాత ఒకటిగా అమలు జరుపుతుంది. పై వాక్యాన్ని తిరగవేసి

సార్ట్ పుస్తకాలు 2>&1 > నివేదిక

అని రాస్తే ఏమవుతుంది? మొదట 2>&1 అమలవుతుంది. ఆ క్షణాన 1వ ద్వారం ఇంకా తెరవైపే ఉన్నది కాబట్టి 2వది కూడా తెరవైపే తెరుచుకుంటుంది. తరువాత 1వ ద్వారం ఒక్కటే ఫైలువైపు తిరుగుతుంది. దోషాలు నివేదికలో చేరవు. ఒకరి చిరునామాను మనం రాసుకున్నాక వారు ఇల్లు మారితే, మన దగ్గరి కాగితంలో చిరునామా దానంతట అది మారదు గదా! 2>&1 కూడా ఆనాటి చిరునామాకు నకలు మాత్రమే. శాశ్వత బంధం కాదు.

గ్రంథాలయపు జాబితాకు ప్రతిరాత్రి నకలు తీసే ఏర్పాటును ఊహించండి. అర్ధరాత్రి తెరముందు ఎవరూ ఉండరు. క్రమం తప్పుగా రాస్తే నివేదిక నిర్దోషంగా కనిపిస్తుంది. డిస్కు నిండిపోయి నకలు తయారు కావడం లేదన్న హెచ్చరిక మాత్రం ఆ నివేదికలో ఉండదు. అవసరం వచ్చిననాడు గాని లోపం బయటపడదు. దోషాలను /డెవ్/నల్ అనే శూన్యపు ఫైలులోకి పంపి వదిలించుకునే అలవాటు కూడా ఇంతే అపాయకరం. సందేశం కనబడకపోయినంత మాత్రాన దోషం లేకుండా పోదు.

గొట్టపు మార్గం

ఒక ప్రోగ్రాము ఔట్‌పుట్ నేరుగా మరొకదానికి ఇన్‌పుట్ కావడం ఈ ఏర్పాటులోని ప్రధాన సౌలభ్యం. తోటలో నీరు పెట్టే గొట్టాలను ఒకదానికొకటి బిగించినట్లు ప్రోగ్రాములను కలిపే వీలు ఉండాలని బెల్ ప్రయోగశాలలకు చెందిన డగ్లస్ మెకిల్‌రాయ్ 1964లోనే ఒక లేఖలో సూచించారు. ఆ ఆలోచన 1973లో థాంప్సన్ చేతుల మీదుగా యూనిక్స్‌లో కార్యరూపం దాల్చింది. మొదట దీనికి కూడా బాణపు గుర్తులనే వాడారు. ఒకే గుర్తు తరువాత వచ్చిన పేరు ఫైలుదా, ప్రోగ్రాముదా అన్న అయోమయం ఏర్పడడంతో, కొద్దికాలంలోనే నిలువు గీతను ప్రవేశపెట్టారు. నేటికీ అదే కొనసాగుతున్నది.

సార్ట్ పుస్తకాలు | యూనిక్ | డబ్ల్యూసీ -ఎల్

ఇందులో మొదటి ప్రోగ్రాము పేర్లను వరుసలో పెడుతుంది. రెండవది పక్కపక్కన ఉన్న ఒకే రకం పంక్తులలో ఒక్కదానిని మాత్రమే మిగులుస్తుంది. మూడవది లెక్కిస్తుంది. మొత్తం మీద, గ్రంథాలయంలో వేర్వేరు పేర్లుగల పుస్తకాలు ఎన్ని ఉన్నవో తెలుస్తుంది. మూడు ప్రోగ్రాములూ ఏకకాలంలో నడుస్తాయి. మధ్యలో తాత్కాలికమైన ఫైళ్లు అవసరం లేదు. ఈ ప్రోగ్రాములను రాసినవారికి ఒకరి ప్రోగ్రాముతో మరొకరిది కలుస్తుందని ముందుగా తెలియనక్కరలేదు.

నిలువు గీత గుండా పోయేది 1వ ప్రవాహమే. 2వది యథాప్రకారం తెరమీదికే వస్తుంది. దానిని కూడా గొట్టంలోకి పంపదలచితే గీతకు ముందు 2>&1 అని చేర్చాలి. షెల్ ముందుగా గొట్టాన్ని బిగించి, ఆ తరువాతనే మిగిలిన గుర్తులను అమలు జరుపుతుంది కనుక ఇక్కడ క్రమం గురించిన చిక్కు రాదు.

అడ్డగీత అనే సంప్రదాయం

కొన్ని ప్రోగ్రాములు ఫైలు పేరును తప్పక అడుగుతాయి. మన దగ్గర ఉన్నదేమో గొట్టం గుండా వచ్చే ప్రవాహం. దానికి పేరు లేదు. అటువంటప్పుడు ఫైలు పేరు రాయవలసిన చోట ఒక అడ్డగీతను ఉంచడం ఆనవాయితీ.

సార్ట్ పుస్తకాలు | క్యాట్ శీర్షిక -

ఈ ఆజ్ఞతో ముందు 'శీర్షిక' ఫైలులోని పంక్తులు, వాటి వెనుక వరుసలో పెట్టిన పేర్లు తెరమీదికి వస్తాయి. అడ్డగీత ఇక్కడ ప్రామాణిక ఇన్‌పుట్‌కు పేరుగా నిలిచింది. సందర్భాన్నిబట్టి అదే గీత ఔట్‌పుట్‌ను కూడా సూచించగలదు. అనేక పత్రాలను ఒకే కట్టగా కట్టే టార్ ప్రోగ్రాముకు కట్ట పేరుగా అడ్డగీతను ఇస్తే, కట్టేటప్పుడు అది ప్రామాణిక ఔట్‌పుట్ అవుతుంది. విప్పేటప్పుడు ప్రామాణిక ఇన్‌పుట్ అవుతుంది.

అయితే ఈ అడ్డగీత షెల్ వ్యాకరణంలోనిది కాదన్న సంగతి మరువరాదు. ఆయా ప్రోగ్రాములు తమంతట తాము పాటించే సంప్రదాయం ఇది. పాటించని ప్రోగ్రాముకు అడ్డగీత కేవలం ఒక ఫైలు పేరు. షెల్‌కూ అంతే. > తరువాత అడ్డగీతను రాస్తే ఆ పేరుగల ఫైలు తయారవుతుంది. దానిని చూడబోయి 'క్యాట్ -' అని రాస్తే క్యాట్ ఆ ఫైలును తెరవక కీబోర్డు వైపు చూస్తూ కూర్చుంటుంది. 'క్యాట్ ./-' అని గాని, 'క్యాట్ < -' అని గాని రాస్తే ఫైలు తెరుచుకుంటుంది. మొదటిదానిలో పేరు అడ్డగీత ఒక్కటే కాదు. రెండవదానిలో ఫైలును తెరిచేది షెల్.

సంప్రదాయాన్ని పాటించని ప్రోగ్రాముల కోసం లినక్స్ వంటి వ్యవస్థలు మరొక ఏర్పాటు చేశాయి. ఈ ప్రవాహాలకు నిజమైన ఫైలు పేర్లే ఇచ్చాయి. /డెవ్/ఎస్‌టీడీఇన్ అంటే 0వ ద్వారం. /డెవ్/ఎస్‌టీడీఔట్ అంటే 1వది. /డెవ్/ఎస్‌టీడీఇఆర్ఆర్ అంటే 2వది. ఫైలు పేరు రాయగల ఏ చోటనైనా వీటిని రాయవచ్చు. కాని పోసిక్స్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఈ పేర్లను తప్పనిసరి చేయలేదు. కనుక అన్ని వ్యవస్థలలోను పనిచేయవలసిన ఆజ్ఞాపత్రాలలో <, > గుర్తుల మీద ఆధారపడడమే శ్రేయస్కరం.

ఈ ప్రవాహంలో మన భాషలు

ఆంగ్లభాషా వ్యవహారంలో పుట్టిన ఈ ఏర్పాటు మన భాషలకు పనికివస్తుందా అన్నది పాఠకులకు కలిగే చివరి సందేహం. ప్రవాహంలో పోయేవి బైట్లే కాని అక్షరాలు కావు. అందుచేత ఏ లిపి అయినా దీని గుండా పోగలదు. ప్రపంచ లిపులన్నింటినీ బైట్లుగా మార్చే యూటీఎఫ్-8 అనే పద్ధతిని 1992లో రూపొందించినవారు కెన్ థాంప్సన్, రాబ్ పైక్. గొట్టపు మార్గాన్ని కార్యరూపంలోకి తెచ్చిన థాంప్సనే ఈయన. పంక్తి ముగింపును తెలిపే బైటు మరే అక్షరంలోను భాగంగా రాకుండా ఆ పద్ధతిలో జాగ్రత్త వహించారు. అందువల్ల ఆంగ్లం కోసం రాసిన పాత ప్రోగ్రాములు కూడా తెలుగు పంక్తులను మధ్యలో తెగిపోకుండా అందుకుంటాయి.

ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. 'తెలుగు' అనే మాటను గొట్టం గుండా డబ్ల్యూసీకి పంపండి.

ప్రింట్ఎఫ్ తెలుగు | డబ్ల్యూసీ -సి

జవాబు 18. బైట్లకు బదులు సంకేతాక్షరాలను లెక్కించే -ఎమ్ సూచన ఇస్తే, యూటీఎఫ్-8 అమరిక గల యంత్రంలో జవాబు 6. త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము – ఇవి ఆ ఆరు. ఒక్కొక్కదానికి 3 బైట్లు. ఇదే మాటను దేవనాగరి లిపిలో రాసి పంపినా జవాబులు 18, 6 మాత్రమే. భారతీయ లిపుల కోసం మన దేశంలో రూపొందిన ఇస్కీ అమరికను యూనికోడ్ ఆదర్శంగా తీసుకున్నందువల్ల ఈ లిపులు సమాంతరమైన పట్టికలలో ఒదిగాయి. కంటికి వేరుగా కనిపించే రెండు లిపులు ప్రవాహంలో ఒకే కొలతతో సాగిపోవడం గమనించదగిన విషయం.

ఈ అభ్యాసాలకు ఖర్చుతో కూడిన సామగ్రి అవసరం లేదు. సీ-డాక్ సంస్థ 2007లో తొలిసారి విడుదల చేసిన బాస్ వంటి లినక్స్ వ్యవస్థ ఉన్న ఏ యంత్రమైనా చాలును. పాఠశాల, కళాశాల గ్రంథాలయాలలోని విద్యార్థులు ఒక మాదిరి జాబితాను తయారు చేసుకుని, దానికి నకలు తీసుకుని, ఆ నకలు మీదనే పై ఆజ్ఞలను ప్రయోగించి చూడవచ్చును. ప్రతి వాక్యాన్ని అమలు జరిపే ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఈ గుర్తును చదివేది షెల్‌నా, ప్రోగ్రామా? ఏది ముందు జరుగుతుంది? ఈ రెండింటికీ జవాబు చెప్పగలిగినవారు సమాచారాన్ని పోగొట్టుకునే ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

అభ్యాసం

1. 'డబ్ల్యూసీ -ఎల్ < పుస్తకాలు' అన్నప్పుడు జవాబులో ఫైలు పేరు ఎందుకు కనిపించదు?
2. 'సార్ట్ పుస్తకాలు > పుస్తకాలు' అన్న ఆజ్ఞలో >కు బదులు >> వాడితే ఫైలు మొదటనే ఖాళీ అవుతుందా? కారణం తెలపండి.
3. 2>1, 2>&1 అనే రెండింటికీ గల భేదాన్ని వివరించండి.
4. ఫలితాలను 'మంచివి' అనే ఫైలులోకి, దోషాలను 'తప్పులు' అనే ఫైలులోకి వేర్వేరుగా పంపే ఆజ్ఞను రాయండి.
5. మీ ఊరి పేరును తెలుగు లిపిలో రాస్తే ఎన్ని బైట్లు అవుతాయో ముందు లెక్కగట్టి, తరువాత యంత్రంతో సరిచూడండి.